బర్రె కట్టేసిన చోట కుడికి

నెగ్గాను! ఫారెస్టు ఉద్యోగానికి పెట్టిన నడక పరీక్షలో నెగ్గాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, ఇప్పుడు మొదటి సర్కారు నౌకరీ కూడా నాదే. రాతపరీక్ష ఎప్పుడో గట్టెక్కాను. ఇరవై అయిదు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవడమే మిగిలింది, అదీ ఇవాళ పొద్దున అయిపోయింది.

ఆ రోజుల్లో (అంటే పోయిన నెలలో, నౌకరీ వచ్చినవాడికి నెల కూడా యుగమే) నాకొక పిచ్చి నమ్మకం ఉండేది. పుస్తకంలాగే దారిని కూడా ముందే చదివేస్తే పాసు ఖాయమని. పరీక్షలో సంగారెడ్డి నుంచి ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు పోయి, చుట్టు తిరిగి రావాలి. ఆ దారంతా ఒకసారి ముందే నడిచి చూద్దామని బయల్దేరాను. టైము చూడడానికి గుమ్మడిదలలో మందుల కంపెనీలో పనిచేసే మా బావ లూనా మీద తోడొచ్చాడు. చూడాల్సింది టైము, ఆయన చేసింది దండోరా. నాకంటే ముందు పోయి, దారిలో ఉన్న చుట్టాలందరికీ మా పిలగాడు ఆఫీసరవుతున్నాడు, నడిచి వస్తున్నాడని చెప్పేశాడు. మా వైపు చుట్టాల గడప ముందు నుంచి చాయ్ తాగకుండా పోతే, మళ్లీ ఏదో పెళ్లి దాకా మాటలుండవు. ఒక ఇంట్లో చాయ్, ఇంకో ఇంట్లో సర్వపిండి, మా చిన్నమ్మ దగ్గర మక్కగారెలు, తిన్నాక నులకమంచం. పొద్దున నడక మొదలుపెట్టినవాణ్ణి, దీపాలు పెట్టే వేళకు లూనా వెనక కూర్చుని సంగారెడ్డి చేరాను. అయినా దారి మాత్రం కంఠతా వచ్చింది: చిన్నమ్మ బర్రె కట్టేసిన చోట కుడికి తిరగాలి.

పరీక్షనాడు కూడా వీళ్లంతా గ్లాసులు పట్టుకుని నిలబడితే నౌకరీ గోవిందా. అందుకే అందరికీ పరీక్ష రేపని చెప్పాను. ఇవాళ దారి ఖాళీగా, హాయిగా ఉంది. మలుపు దగ్గర దారి చూపడానికి నిలబడాల్సిన పరీక్షవాళ్ల మనిషి చాయ్‌కి పోయాడు, బర్రె మేతకు పోయింది. నేను తిన్నగా పోయాను. దారి నాకు తెలుసని పొద్దున్నుంచీ చెప్పుకుంటున్నాను కనుక ఇంకో ముగ్గురు నన్ను నమ్మి వెనకే వచ్చారు. జొన్నచేను అడ్డమొచ్చాక అందరం నోరు మూసుకుని వెనక్కి తిరిగాం. మళ్లీ రోడ్డెక్కేసరికి ఎదురుగా మేనత్త, నెత్తిన గడ్డిమోపు.

"ఏంది అల్లుడా, పరీక్ష రేపన్నవ్ గద?"

ఆగితే టైము పోతుంది. "రిహార్సల్ అత్తా," అన్నాను నడుస్తూనే.

"రిహార్సల్‌కు గూడ ఛాతికి నంబర్ కడ్తరారా? రేపు నువ్వొస్తవని కోడిని గంప కింద ఏసిన. నాకే అబద్ధం చెప్తవా?"

మోపు దింపకుండానే వెంటపడింది. తాతల కాలం నుంచి తిట్లు అందుకుంది. వాటికి దొరక్కుండా నడిచాను చూడండి, జొన్నచేనులో పోయిన టైమంతా కలిసొచ్చింది.

దారి చదవబోయి గారెలు తిని పడుకున్న పోయిన నెల పిలగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తోంది, కొంచెం బెంగ కూడా. ఉద్యోగస్తుణ్ణి ఎవరు అట్లా చెయ్యిపట్టి కూర్చోబెడతారు?

ఇంకా ఫోన్ చెయ్యాల్సింది: లక్డారంలో అమ్మానాన్నలకు, కిరాణా కొట్టు నంబరుకి. బావకు, కంపెనీ గేటుకి. చిన్నమ్మకు, మక్కలు రుబ్బకముందే. రేపు పొద్దున చాయ్ కాచుకుని రోడ్డు మీదకొచ్చే మిగతా అందరికీ. ఆఖరున మేనత్తకు (కోడిని కొయ్యొద్దని చెప్పాలా, కొయ్యమని చెప్పాలా ఇంకా తేలలేదు).