పదకొండో దీపం

చనిపోయిన మనిషి మీద అబద్ధం రాసి అందరికీ కనబడేలా పెట్టేరు. అమలాపురంలో నేను పనిచేసిన కాలేజీలో, బీరువా అంత పాత మినీకంప్యూటరు పక్కన, "తగని ప్రోసెసర్ అమర్చినందువలన చెడిపోయినది" అని ఒక అట్టముక్క. ఆ ప్రోసెసర్ తెప్పించినాయన పేరు రాయలేదు. రాయక్కర్లేదు, ఇక్కడ అందరికీ తెలుసు.

నన్ను ఆ కంప్యూటరు గదిలోకి పనికి తీసుకున్నది ఏసీ చూసుకోవడానికి. నా చదువు ఎనిమిదితో ఆగింది. యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకాల్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివేను. అట్టమీద పేరు రాయని ఆ పెద్దమనిషి రాజోలు వైపు క్రైస్తవ కుటుంబం వారు, ఫిజిక్సు లెక్చరరు. నన్ను "గురువుగారండీ" అని ఆటపట్టిస్తూనే, అర్థంకాని పేజీ వస్తే నా దగ్గరికే వచ్చేవారు.

కొత్త ప్రోసెసర్ కార్డు తెప్పించింది ఆయనే. పాతది కంపెనీకి తిప్పి పంపేసేం. కొత్తది బిగించిన మర్నాటి నుంచీ యంత్రం బూట్ కాలేదు. స్విచ్ వేస్తే డిస్కులోంచి తన పాఠం తాను చదువుకుని లేవాలి. ఇది మొదటి మాటకే నత్తి పడి ఆగిపోయేది. ప్రిన్సిపాలుగారు కంప్యూటరు గది తాళం ఆయన దగ్గర తీసుకుని, బాగుచెయ్యమని నాకిచ్చేరు. కరెంటు చూసేను, డిస్కు చూసేను, మెమరీ కార్డులు మార్చేను. ప్రోసెసర్ కార్డు ఒక్కటే కదపలేదు. ముహూర్తం చూసి, గడపకి పెట్టినట్టు అంచున గంధం, కుంకుమ పెట్టి, నా చేత్తో దింపిన కార్డది. అలా దింపినదాన్ని పైకి లాగుతామా?

చివరికి స్టాఫ్ రూములో అందరి ముందూ అనేసేను: "మీరు తెచ్చిన కార్డే చచ్చుదండీ."

ఆయన నా మొహంలోకి చూసేరు. "ఆయ్, అలాగేనండి," అన్నారు. ఆ ఏడే బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయేరు.

పోయినేడాది ఆయన పోయేరని ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాతే, రిటైరైన ఇన్నేళ్లకి కాలేజీకి వెళ్తే, మూలపడ్డ యంత్రం పక్కన ఆ అట్టముక్క నా కంటబడింది. నాకు మండింది. పోయినాయన తిరిగొచ్చి జవాబు చెప్పుకోగలడా? తీసెయ్యమని అడిగితే కంప్యూటర్ల హెడ్డు, కుర్రాడు, నవ్వేడు.

"రుజువేంటండి తాతగారూ? దాన్ని లేపండి, తీసేస్తాను."

"లేపుతానయ్యా. ఆ కార్డుతోనే లేపుతాను."

వారం పట్టింది. ముందుపలక మీద మీటలతో ఒక అంకె లోపలికి పంపి, అదే అంకె దీపాల్లో తిరిగి వస్తోందా అని చూడాలి. పదహారు దీపాల్లో పదకొండోది ఏం చేసినా వెలగలేదు. బల్బు మార్చేను, మెమరీ కార్డు మార్చేను. మళ్లీ అదే దీపం. ఇక మిగిలింది ఒక్కటే.

కార్డు పైకి లాగేను. అంచున, కరెంటు అందుకునే బంగారుపూత పళ్ల వరుస. అందులో ఒక పన్ను మీద రాయిలా గట్టిపడిన గంధం, కుంకుమ. నేను పెట్టిన బొట్టే. పెన్సిలు రబ్బరుతో రుద్ది, స్పిరిటు దూదితో తుడిచి, మళ్లీ దింపేను. పదకొండో దీపం వెలిగింది. డిస్కు తిరిగింది. టెర్మినల్ మీద యంత్రం ఇవాళ తారీఖు ఎంతని అడిగింది. ఏ తారీఖని కొట్టను?

"ఓస్, బొట్టేనా!" అని హెడ్డు పగలబడి నవ్వి అట్టముక్క పీకేసేడు. అట్టమీది మాట మొదట అన్నది నేనే; ఇన్నాళ్లూ నేను కోపం పడింది ఎవరి మీదో తెలిసేక, నాకు నవ్వు రాలేదు.

రాజోలులో ఉంటున్న ఆయన భార్యకి జరిగినదంతా ఉత్తరం రాసేను, తప్పు నాదేనని. రెండు నెలలు చూసేను. మొన్న జవాబొచ్చింది.

"అన్నయ్యగారికి నమస్కారాలు. ఆ సంగతి మావారికి అప్పుడే తెలుసండీ. మీరు బొట్టు పెడుతుంటే పక్కనే ఉన్నారట. 'బొట్టు వల్ల పాడైందని నేనంటే, క్రైస్తవుడు కాబట్టి అన్నాడంటారు, నేను చెప్పకూడదు' అని నాతో అనేవారు. ఏదో ఒకరోజు మీరే కార్డు తీసి చూసి కబురు పెడతారని చాన్నాళ్లు చూసేరండీ."