నోటుపుస్తకంలో రాయని పచ్చిపులుసు

మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి, పోయిన నెల కన్నుమూశారు. ఆసుపత్రి నుంచి కోడలు ఫోన్ చేసేసరికి నేను చీర కట్టుకుని తయారుగా ఉన్నాను. ఆ రోజు గురువారం. పదకొండున్నరకు ఆవిడా నేనూ నిజాంపేట వెళ్ళాలి.

గురువారం మా భోజనాల రోజు. ఆఫీసుల వాళ్ళు కిందికి దిగకముందే వెళ్ళి కూర్చునేవాళ్ళం, ఒక్కో వారం ఒక్కో పేటలో. నల్లగండ్లలో మా ఇంటి చుట్టుపక్కల మొదలుపెట్టి కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ తిరిగాం. పేటకొక పేజీ చొప్పున నేను పుస్తకం పెట్టాను. ఏ తేదీ, ఏం తిన్నాం, ఉప్పు సరిపోయిందా, గిన్నెలు శుభ్రంగా ఉన్నాయా, అన్నీ రాసేదాన్ని. బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన చెయ్యి, ఊరుకోదు.

"వదినె, నువ్వు తింటున్నవా, పరీక్ష పెడుతున్నవా?" అనేవారు ఆవిడ.

ఈ తిరుగుడంతా ఆవిడ పుణ్యమే. పిల్లల పెళ్ళిలో వాళ్ళు పచ్చిపులుసు వడ్డించారు. మాది కోస్తా. "కాచని పులుసు పెళ్ళిలో పెడతారా?" అన్నాను, పంక్తిలో అందరూ వినేలా. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. తర్వాత మూడేళ్ళు మా మాటలు మనవరాలి జలుబు దాటి ముందుకు పోలేదు. ఒక గురువారం ఆవిడే మా గుమ్మంలో నిలబడి, "నడువు వదినె, జర బయట తినొద్దాం. ఇంట్ల తింటే ఎవల వంట మంచిగుందని లొల్లి," అన్నారు.

ఎక్కడ కూర్చున్నా ముందు చారో పులుసో అడిగి, అరచెయ్యి దొప్పలా పట్టి పోయించుకుని జుర్రేవారు. మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లలు తిరిగి చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

"గ్లాసు అడుగుదామండీ."

"గ్లాసుల తాగితే గ్లాసు రుచే వస్తది. చెయ్యి అబద్ధం చెప్పదు."

పుప్పాలగూడలో పెద్ద అపార్టుమెంట్ల వెనక ఒక రేకుల కప్పు మెస్సు ఉంది. అక్కడ పచ్చిపులుసు పోశారు. ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ, నువ్వుల పొడి. ఆ ఎండలో ప్రాణం లేచొచ్చింది. మూడుసార్లు పోయించుకున్నాను. ఆవిడ తలెత్తకుండా తిన్నారు. ఇంటికొచ్చి పుస్తకంలో "పప్పు బాగుంది" అని రాశాను.

పై వారం ఆవిడ ఆ పేజీ తిప్పారు.

"పప్పు మనం తిననే లేదు గద వదినె."

నేను పుస్తకం కోసం చెయ్యి చాపాను.

"పరేషాన్ గాకు. ఎప్పుడన్న దిద్దుతవ్ తియ్యి," అని పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు.

దిద్దవలసింది పెళ్ళిలో అన్న మాటేనని ఇద్దరికీ తెలుసు. నిజాంపేటలో చెబుదామనుకున్నాను. ఎలా చెప్పాలో కూడా అనుకుని ఉంచాను.

కర్మలన్నీ అయ్యాక కోడలిని తీసుకుని పుప్పాలగూడ వెళ్ళాను. తల్లితో చెప్పవలసింది కూతురితో చెప్పాను.

"అమ్మకు యాదికుండె అత్తమ్మా. కానీ మీరు మూడుసార్లు పోయించుకున్న రోజు నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వుడు."

వడ్డించే ఆయన గిన్నెతో వచ్చి, బోర్లించిన గ్లాసు తిప్పబోయాడు. వద్దన్నాను. అరచెయ్యి దొప్పలా పట్టాను. పులుసు వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారింది. ఆవిడ చేతిలోంచి ఒక్క చుక్క కారేది కాదు.