గోడగడియారమూ మా రేపటమ్మా

మా అమ్మాయికి కాలేజీలో చేరాక ఇంట్లో కొత్త పేరు పడింది: రేపటమ్మ. "చదివావా?" అంటే "రేపు". "పుస్తకం తీశావా?" అన్నా "రేపు". అలాగని ఖాళీగా కూర్చుంటుందా అంటే అదీ లేదు. టైంటేబుల్ గీస్తుంది! రంగు పెన్నులన్నీ మంచం మీద పరిచి, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు. గీయడం అయ్యేసరికి చదివే వేళ కాస్తా దాటిపోతుంది. "ఇవాళ్టిది పాడైపోయింది నాన్నా, కొత్తది గీయాలి" అంటుంది. ఒళ్ళు మండిపోయేది నాకు.

స్కూల్లో ఉన్నప్పుడు ఇలా లేదు. అక్కడ గంట కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు. కాలేజీలో అడిగేవాడు లేడు. మొదటి పరీక్షకు ఆలస్యంగా వెళ్ళింది, చదవకుండానూ వెళ్ళింది. ఫెయిల్. లెక్చరర్ నన్ను పిలిపించాడు. "రెండోది కూడా ఇలాగే రాస్తే సెమిస్టర్ పరీక్షకు కూర్చోనివ్వం" అన్నాడు. గోడౌన్లో పొద్దుటి నుంచి బస్తాలు మోసిన వీపు కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మా ఇంటి గడియారం సంగతి కూడా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడ దాన్ని అరగంట ముందుకు తిప్పింది. లారీ వచ్చేసరికి గోడౌన్లో లేకపోతే ఆ రోజు నాకు పని ఉండదు. ముందుకు తిప్పారని తెలిసినా ముల్లు చూడగానే నా కాళ్ళు పరుగెడతాయి. మా అమ్మాయి అలా కాదు, చదువుకున్నది కదా! గడియారం చూసి, అరగంట తీసేసి, మళ్ళీ ముసుగు తన్నేది.

"లేవవే, టైమైపోయింది!"

"అది అబద్ధాల గడియారం అమ్మా. ఇంకా అరగంట ఉంది."

"పరీక్షలో ఆ తీసివేత లెక్కలు రాయి, మార్కులు వేస్తారు!" అనేది మా ఆవిడ.

రెండో పరీక్ష వారం వచ్చింది. ఫోను లాక్కుని, ఆపేసి నా దగ్గరే పెట్టుకున్నాను. అయినా పుస్తకం ఒళ్ళో, చూపు కిటికీలో. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది, దానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. పరీక్ష ముందు రోజు ఇక లాభం లేదనుకుని, అది స్నానానికి వెళ్ళినప్పుడు గడియారాన్ని ఇంకో అరగంట ముందుకు తిప్పాను. ఎలాగూ తీసేస్తుంది కదా అని.

మర్నాడు లేచి చూస్తే అందరం ఉరుకులు పరుగులు. కంచంలో చెయ్యి పెట్టీ పెట్టకుండానే లేచాను.

"ఏంటే, ఇంకా చీకటిగా ఉంది?"

"మబ్బు పట్టిందిలే, నడవండి!" అంది మా ఆవిడ.

గోడౌన్ షట్టరు వేసి ఉంది. ముందు కుక్క పడుకుని ఉంది. మేస్త్రీ వచ్చి నన్ను చూసి, "ఏం బావా, అక్క ఇంట్లోంచి గెంటేసిందా?" అని పడీ పడీ నవ్వాడు.

సాయంత్రం ఇంటికి వచ్చాక గానీ అసలు విషయం బయటపడలేదు. నేను తిప్పానా? నాకు తెలియకుండా మా ఆవిడా తిప్పింది. తనను తాను మోసం చేసుకుందామని అమ్మాయీ తిప్పింది! ముగ్గురం తలా అరగంట, ఒకరికొకరం చెప్పుకోకుండా.

"నీకు బుద్ధి లేదా?" అన్నాను ఆవిడతో.

"ఉన్నవాళ్ళు మీరు తిప్పారుగా, నేనూ తిప్పాను."

అమ్మాయి తన లెక్క ప్రకారం తాను తిప్పిన అరగంట, పాత అరగంట, రెండూ తీసేసుకునే బయల్దేరింది. అయినా కాలేజీకి గంట ముందే చేరింది. గేటుకు తాళం. వాచ్‌మన్ బ్రష్ నోట్లో పెట్టుకుని, "ఏమ్మా, గేటే ఇంకా నిద్ర లేవలేదు, నీకేం వచ్చింది?" అన్నాడట. వెనక్కి వస్తే మళ్ళీ ఆలస్యం. ఫోను నా దగ్గర. రంగు పెన్నులు ఇంట్లో. చేతిలో ఉన్నది పుస్తకం ఒక్కటే. మెట్టు మీద కూర్చుని చదివింది.

"చదివింది వచ్చిందా?"

"కొంచెం వచ్చింది నాన్నా."

ఆ కొంచెంతోనే గట్టెక్కింది. సెమిస్టర్ పరీక్షకు కూర్చోవచ్చన్నారు. హమ్మయ్య అనుకుని ఆదివారం పూట స్టూలెక్కి, గడియారాన్ని సరిచేద్దామని చెయ్యి పెట్టాను. ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మాయి, నా లుంగీ పట్టుకుని లాగింది.

"ముట్టుకోకు! ఇంట్లో ఉంటే మంచం పిలుస్తుంది నాన్నా. అక్కడ మెట్టు మీద అయితే చదవడం తప్ప వేరే పనుండదు. రోజూ అలాగే వెళ్తాను."

వెళ్తోంది కూడా. వాచ్‌మన్ దాని కోసం మెట్టు ఊడ్చి పెడుతున్నాడట. సంతోషమే, కాదనను. కానీ నా గతేంటి? పొద్దున్నే లేచి "టైమెంతే?" అని అరిస్తే, మా ఆవిడ గడియారం ముందు నిలబడి వేళ్ళు మడుస్తుంది. "ఉండండి... మీది తీసేస్తే... నాది తీసేస్తే..." అంటూనే ఉంటుంది. ఆ లెక్క తేలేలోపు గుమ్మం దగ్గర అమ్మాయి చెప్పులు ఉండవు.