కాళ్ళు బాగున్న మనిషికి వీల్ చెయిర్

2018 చివర. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. స్టేడియాలు కడుతున్న కంపెనీల్లో పెద్ద ఉద్యోగస్తుల చేతుల్లో డబ్బు ఆడుతున్న కాలం. నేను అబూ హమూర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో హాలిడే ప్యాకేజీల కౌంటర్లో కూర్చునేదాన్ని. అంతకుముందంతా హైదరాబాద్, చెన్నై టికెట్లు కొట్టడమే నా పని. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పుణ్యమా అని మనవాళ్ళు కూడా మాల్దీవులనీ మారిషస్ అనీ అడగడం మొదలుపెట్టారు. నాకూ హుషారుగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

శైలజ గారు అలా వచ్చినావిడే. భర్త ఒక స్టేడియంలో ఏసీ పనులకు ప్రాజెక్ట్ మేనేజర్. పిల్లల శీతాకాలం సెలవుల్లో కరీబియన్ క్రూజ్ కావాలన్నారు. ఓడ బార్బడోస్ అనే దీవి నుంచి బయలుదేరి, వారం రోజులు చుట్టుపక్కల దీవులు తిప్పి, మళ్ళీ అక్కడే దింపుతుంది.

"ఓడ సాయంత్రం కదండీ, ఆ పొద్దున దిగితే చాలదా?" అన్నారు.

"చాలదండీ. ఒక విమానం పోతే ఇంకో విమానం దొరుకుతుంది. ఓడ మాత్రం ఎవరికోసమూ ఆగదు," అన్నాను.

అందుకే ఓడ ఎక్కే ముందు రెండు మూడు రాత్రులు ఆ దీవిలోనే బస పెట్టిస్తాం. మా భాషలో ప్రీ-క్రూజ్ స్టే. విమానం ఆలస్యమైనా, సూట్‌కేసు ఇంకెక్కడికో పోయినా సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. దోహా నుంచి లండన్, లండన్ నుంచి బార్బడోస్. మూడు రాత్రులకు బీచ్ పక్కన హోటల్ చూశాను. వాళ్ళ చిన్నపాపకు పెరుగన్నం తప్ప ఏదీ దిగదంటే, స్టవ్ ఉన్న గది కోసం సగం దీవిని గాలించాను.

అప్పుడు చెప్పారావిడ, పనిమనిషినీ తీసుకెళ్తామని. అదీ దీవి వరకే. ఓడ ఎక్కే రోజుకి శైలజ గారి తల్లి టొరంటో నుంచి వచ్చి కలుస్తారు. ఓడలో పాపను ఆవిడ చూసుకుంటారు, తర్వాత వీళ్ళతోనే దోహా వస్తారు. పనిమనిషిని దీవి నుంచే వెనక్కి పంపేస్తారు, ఒంటరిగా.

ఆ పనిమనిషి ఓబులమ్మ. కడప జిల్లా. లండన్‌లో విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా కావాలి గనక సంతకానికి ఆఫీసుకి తీసుకొచ్చారు. పాపను చంకన వేసుకుని నిలబడే సంతకం పెట్టింది, కూర్చోమన్నా కూర్చోలేదు. శైలజ గారు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే నా దగ్గరికి జరిగింది.

"అక్కా, ఆ దీవి మన దేశానికి దగ్గరేనా?"

"దూరం ఓబులమ్మా. ఇక్కడికంటే చాలా దూరం. ఏం, ఎందుకు?"

"మా గంగకు ఎనిమిదో నెల. తొలి కాన్పు. తండ్రి లేడు, ఇంట్లో నేను తప్ప ఎవురూ లేరు. పుట్టింట్లో అమ్మే లేకపోతే అది యాడికొస్తాది? మూడేండ్లాయ నేను ఊరికి పోక. సెలవడిగితే ఈ టూరు అయిపోనీ అంటాండారు."

ఆ మాట నన్ను ఊరికే ఉండనివ్వలేదు. ఆ మధ్యే కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు. అంటే దేశం దాటడానికి యజమాని సంతకం అక్కర్లేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు మాత్రం ఇంకా కావాలి. శైలజ గారు మళ్ళీ ఎప్పుడు సంతకం పెట్టాలి, ఓబులమ్మ ఎప్పుడు వెళ్ళాలి? కానీ ఈ టూరుకి ఎలాగూ సంతకం పెడతారు కదా. ఒకసారి దేశం దాటాక, తిరుగు ప్రయాణంలో దోహా ఎయిర్‌పోర్ట్ లోపలే ఇంకో విమానం మారితే, మళ్ళీ ఎవరి సంతకంతోనూ పని లేదు. పైగా ఒంటరి ప్రయాణం. పాస్‌పోర్ట్ తన చేతిలోనే ఉంటుంది.

శైలజ గారు లోపలికి రాగానే అడిగేశాను. "మీరు ఓడలో ఉండే వారం ఇల్లు తాళమే కదండీ. ఓబులమ్మను దోహాలో దింపే బదులు అదే టికెట్‌లో చెన్నై దాకా పంపేద్దామా? కూతురి పురుడు చూసుకుని వస్తుంది."

వద్దంటారనుకున్నాను. ఆవిడ నవ్వారు. "మంచి ఐడియా అండీ. పాపం, వెళ్ళనివ్వండి."

పాపను చంకనెత్తుకున్న ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంది. లండన్, దోహా, చెన్నై, అన్నీ కలిపి టికెట్ చేశాను. "మూడు విమానాలు, మూడు బోర్డింగ్ పాసులు. మూడూ చేతిలో ఉన్నాయో లేదో చూసుకో," అని ఓబులమ్మకు చెప్పాను. వెళ్తూ వెళ్తూ శైలజ గారు ఆగారు.

"వీల్ చెయిర్ కూడా పెట్టండి. పాపం, ఇంగ్లీషు రాదు, బోర్డులు చదవలేదు. ఎక్కడో తప్పిపోతుంది."

ఇది మా దగ్గర మామూలే. కొడుకుల్ని చూడ్డానికొచ్చే పెద్దవాళ్ళకి కాళ్ళు బాగున్నా వీల్ చెయిర్ అడుగుతారు. తోసేవాడే సరైన గేటు దగ్గర దింపుతాడని. ఎంత ముందుచూపు అనుకుంటూ టైప్ చేశాను. ఆ రోజు ఆవిడంటే నాకు గౌరవం కలిగింది. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండేది అక్కడే.

దీవి నుంచి ఓబులమ్మ నాకు ఫోటో పంపింది. నీలం సముద్రం, ఇసుక, నెత్తిన శైలజ గారి పాత టోపీ, చంకన పాప. కింద వాయిస్ మెసేజ్: "అక్కా, ఈడ్నించి ఇంటికే. గంగకూ పంపినా."

శుక్ర, శనివారాలు మాకు సెలవు. ఆదివారం కంప్యూటర్ తెరిస్తే ఓబులమ్మ బుకింగ్‌లో మార్పు కనబడింది. దోహా నుంచి చెన్నై టికెట్ రద్దు. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి మార్పించుకున్నది టికెట్ కొన్న శైలజ గారే. మార్చుకునే హక్కు ఆవిడకుంది. ఓడలో ఫోన్ అందదు. వాళ్ళ ఇంటికి చేశాను. ఓబులమ్మే ఎత్తింది.

"ఏమైంది?"

"ఆ దీవిలో విమానం కాడ రెండు కాయితాలే ఇచ్చినారక్కా. మూడోది ఏదమ్మా అని మా మేడమ్‌ను అడిగితే దోహాలో ఇస్తారు పో అనింది. ఈడ దిగంగానే కుర్చీ తెచ్చినాడు నేపాలీ పిల్లోడు. చెన్నై, చెన్నై అని మొత్తుకున్నా. కాయితం చూసి, దోహానే అమ్మా, ఇంకేం లేదు అన్నాడు. కుర్చీ తోస్కోని బయటికి తీసకచ్చినాడు. ఆడ మా డ్రైవర్ నిలబడుకోని ఉండాడు. పాస్‌పోర్టు తీసేసుకున్యాడు."

"కుర్చీలోంచి దిగి లోపలే ఉండిపోవాల్సింది కదా."

"దిగి యాడికి పోవాల్నక్కా? ఏది చెన్నైకి పోయే దావో నాకేం తెలుసు?"

నిజమే. టికెట్టే లేని మనిషిని లోపల మాత్రం ఎవరు ఉండనిస్తారు?

ఓడ దిగి వచ్చాక శైలజ గారు ఆఫీసుకొచ్చారు, దీవి నుంచి రమ్ కేకు పట్టుకుని. స్టే బ్రహ్మాండంగా ప్లాన్ చేశారని మా మేనేజర్ ముందు పొగిడారు. ఓబులమ్మ సంగతి అడిగాను.

"వెళ్తే మళ్ళీ రారండీ వీళ్ళు. మనం పురుడంటాం, వాళ్ళకది వంక. అయినా సెలవు ఇవ్వలేదని ఎవరన్నారు? బీచ్ హోటల్లో ఉండి వచ్చింది. ఈ ఏడాది సెలవు అదే అనుకుంటుంది."

"అక్కడ పాపను ఎవరు చూశారండీ?" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. మేనేజర్ నా కాలు తొక్కాడు. ఆ కేకు నేను ముట్టలేదు.

జనవరిలో గంగకు అత్తగారింట్లోనే కాన్పయింది, మగపిల్లాడు. తర్వాత కొన్నాళ్ళకు ఓబులమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, గంగ నాతో మాట్లాడదు. ఆ ఫోటో వాళ్ళత్త ఊరంతా చూపిచ్చింది. కూతురు నొప్పులు పడతాంటే మీయమ్మ దీవులు తిరగబోయిందంట గదా అని. నేను చెప్తే నమ్మల్యా. టికెట్టు తీసినామని నువ్వన్నా చెప్పక్కా."

నంబరు తీసుకుని గంగకు ఫోన్ చేశాను. గొంతు గట్టిగానే ఉంది.

"టికెట్టు ఉంటే ఎందుకు రాలేదు మేడమ్? సముద్రం ఒడ్డున టోపీ పెట్టుకోని నిలబడను తీరిక దొరికిందిగా."

మొత్తం చెప్పాను. రద్దయిన టికెట్, కుర్చీ, డ్రైవర్, పాస్‌పోర్ట్. గంగ గొంతు మారిపోయింది.

"మాయమ్మను కుర్చీలో తోసకపోయినారా? ఆయమ్మ కాళ్ళకేమైంది మేడమ్? నాకెవురూ చెప్పల్యా."

"కాళ్ళకేం కాలేదమ్మా. బాగానే ఉన్నాయి. నడవనివ్వలేదు, అంతే."

ఆ పిల్ల ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కౌంటర్లో, కస్టమర్లు చూస్తుండగానే. ఆ రాత్రే తల్లికి ఫోన్ చేసిందట. ఓబులమ్మ మనవణ్ణి ఎత్తుకునేసరికి వాడు పరుగులు పెడుతున్నాడు.

ఓడ తప్పిపోకుండా మూడు రాత్రుల వ్యవధి పెట్టడం నాకు తెలుసు. అదే టూరులో ఇంకో మనిషికి తప్పిపోతున్నదేమిటో తెలిసీ, ఎదుటావిడ చిరునవ్వును నమ్మాను. ఇప్పుడు ఎవరైనా ఇంటి పనిమనిషికి వీల్ చెయిర్ పెట్టమంటే, ఆ మనిషిని నా ముందుకి తీసుకురమ్మంటాను. నీకు కావాలా, ఎక్కడ దిగాలి అని ఆమెనే అడిగి, టికెట్ కాపీ ఆమె ఫోన్‌కే పంపుతాను. దీనికి కొందరు కస్టమర్లు కోపగించుకుని పక్క ఆఫీసుకి వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి.