గడియారం సీటు దిగిన రోజు

డిపోలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ గడియారమే. ఆయన బస్సు మలుపు తిరిగిందంటే టైమెంతో చూసుకోకుండానే బడి గంట కొట్టేసేవారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క గోడకైనా బండిని గీరించినవాడు కాదు. ఇంత మొనగాడూ పెళ్లి మాట దగ్గర మాత్రం ఒట్టి పిరికివాడు. తన బస్సులోనే టిక్కెట్లు కొట్టే కండక్టరమ్మతో నాలుగేళ్లపాటు అద్దంలోంచే మాట్లాడాడు. చివరికి ఆవిడే విసిగిపోయి, "ఇలా ఇంకా ఎన్నాళ్లండీ?" అని అడిగేసింది. అప్పుడు కూడా ట్రిప్పు పూర్తయ్యాకే జవాబు చెప్పాడు.

రిటైరయ్యాక ఇద్దరూ ఓ ట్రెయిలరు కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే బుల్లి ఇల్లన్నమాట. రెండు మంచాలు, ఓ పొయ్యి, అరచెయ్యంత సింకు. ఆ ఆలోచన కండక్టరమ్మదే. "మన రూట్లో ఊళ్లన్నీ మనం రెండేసి నిమిషాలు చూసినవే. ఈసారి ఒక్కోచోట రెండేసి రోజులు ఉందాం" అంది. ఆయన అలమరాలకు గొళ్లేలు బిగించాడు, ఆమె కిటికీలకు పూల కర్టెన్లు కుట్టింది. కూతురు మాత్రం, "నాన్న ఈమధ్య ఏదోలా ఉంటున్నాడమ్మా. ఓసారి డాక్టరుకి చూపించి బయల్దేరండి" అంది. "మీ నాన్నకేమే, గుండ్రాయిలా ఉన్నాడు" అని కొట్టిపారేసింది కండక్టరమ్మ. ఆ మాటకి తర్వాత తనని తానే ఎంత తిట్టుకుందో చెప్పలేం.

బయల్దేరిన మూడో రోజు పొద్దున మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి వాన దంచి కొట్టడం మొదలైంది. గాలికి వెనక ట్రెయిలరు అటూ ఇటూ ఊగుతోంది. వైపర్లు ఎంత కొట్టుకున్నా ముందు బండి ఎర్రదీపాలు తప్ప ఏమీ కనబడటంలేదు. అంతలో వెనక ఢామ్మని చప్పుడైంది. ట్రెయిలరు కుడి టైరు పేలింది.

ఆయన దిగి జాకీ పెట్టాడు. చక్రం ఊడదీశాడు. ఆమె నట్లు దోసిట్లో పట్టుకుని నిలబడింది. స్టెప్నీ దింపి పక్కన ఆనించాడు, చక్రం ఎక్కించాడు, నట్లు ఒక్కొక్కటే అడిగి తీసుకుని ఊపిరి బిగబట్టి మరీ బిగించాడు. తీరా జాకీ దించేసరికి ట్రెయిలరు మళ్లీ అదే పక్కకు కూలబడింది. పేలిన చక్రాన్నే తిరిగి బిగించాడాయన. స్టెప్నీ వానలో తడుస్తూ నిక్షేపంగా ఉంది.

"భలేవారే! పాతదాన్ని వదల్లేకపోతున్నారా?" అని పకపకా నవ్వింది కండక్టరమ్మ.

ఆయన నవ్వలేదు. చక్రం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఇది ఎవరు బిగించారు?" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. పోయిన నెల ఇంటి తాళంచెవి చేతిలో పట్టుకుని, ఇది దేనిదని అడిగాడు. మనవరాలిని కూతురి పేరుతో పిలిచాడు. వయసు కదా అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఇక ఏం చెప్పుకుని సర్దుకోవాలో తెలియలేదు. స్టెప్నీ తనే చేతికందించి, దగ్గరుండి మళ్లీ బిగింపించింది. ఆమెకు బండి నడపడం రాదు. ఈయనుండగా నాకెందుకు అనుకుంది ఇన్నాళ్లూ.

"నెమ్మదిగా పోనివ్వండి. బంకు కనబడితే అక్కడే ఆగిపోదాం" అంది. ఆయన తలూపాడు.

కాస్త దూరం పోయాక బస్టాపు వచ్చింది. రేకుల కింద నలుగురైదుగురు ముడుచుకుని నిలబడ్డారు. ఆయన ఇండికేటరు వేసి, ఎవరి మీదా బురద చిందకుండా కారు వాళ్ల ముందు ఆపాడు. చంకలో మూటతో ఒకావిడ కిటికీ దగ్గరికొచ్చి, "ఎక్కడికి బాబూ ఈ బండి?" అని అడిగింది.

"బోర్డు కనబడటంలేదా? త్వరగా ఎక్కండమ్మా, ఇప్పటికే ఆరు నిమిషాలు లేటు."

వాళ్లంతా మొహమొహాలు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్విన మనిషిని దిగి దులిపేద్దామనుకుంది. ఈలోగా ఆయన, పక్కసీట్లోనే ఉన్న ఆమె కోసం అద్దంలో వెతుకుతూ, "రైట్ చెప్పండి కండక్టరమ్మా" అన్నాడు.

కండక్టరు రైట్ అనందే ఆయన ఏనాడూ బండి కదిపి ఎరగడు. అంటే మాత్రం కదిపేస్తాడు. ఏ ఊరికో, ఏ ఏడాదిలోకో ఆయనకే తెలియదు. ఆమె నోరు తెరవలేదు.

ఎదురుగా వస్తున్న లారీ ఆగింది. "అన్నా, ముందు కల్వర్టు మీంచి నీళ్లు పారుతున్నాయి. ఓ కారు కొట్టుకుపోవలసింది, కొద్దిలో తప్పింది. వెనక్కి తిప్పెయ్!" అని అరిచాడు లారీ డ్రైవరు.

"రూటు మార్చడానికి నేనెవర్నయ్యా? రైట్ చెప్పండి, టైమైపోతోంది."

ఆమె దిగి లారీ దగ్గరికి పరిగెత్తింది. రెండు ముక్కల్లో చెప్పగలిగింది, మూడో ముక్కకి ఏడుపొచ్చేసింది. లారీ డ్రైవరు మారు మాట్లాడకుండా ఇంజను ఆపి దిగాడు. ఇద్దరూ కారు దగ్గరికి వచ్చారు.

"మీ డ్యూటీ అయిపోయిందండీ, దిగండి" అంది.

"రిలీవర్ రాకుండా సీటెలా వదులుతాను?"

"నేనే అన్నా రిలీవర్ని. కాస్త లేటైంది, ఏమనుకోకు" అన్నాడు లారీ డ్రైవరు.

గడియారం అతన్ని ఎగాదిగా చూశాడు. "డ్యూటీకొచ్చేటప్పుడు గడ్డం గీసుకుని రావాలయ్యా" అని తాళాలు చేతిలో పెట్టాడు. "బ్రేకు కొంచెం ఎడమకు లాగుతోంది, చూసుకో. కండక్టరమ్మ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ఎక్కడన్నా ఆపు."

అని, డ్యూటీ దిగిన మనిషిలా, వానని లెక్కచెయ్యకుండా రోడ్డు వెంట చకచకా నడవడం మొదలుపెట్టాడు. ఆమె పరిగెత్తి అందుకుంది.

"ఎక్కడికండీ ఈ వానలో?"

"ఇంటికమ్మా. మా ఆవిడ నేనెళ్లేదాకా ముద్ద ముట్టదు."

బస్సులో కండక్టరమ్మ, ఇంట్లో భార్య. ఆయన బుర్రలో ఆమె ఇద్దరు మనుషులైపోయింది. తన కోసమే వెళుతున్నవాణ్ణి తను ఎలా ఆపాలో ఆమెకు తోచలేదు.

"ఆవిడ ఆ ట్రెయిలర్లో ఉంది, పదండి" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది.

ఆయన మెల్లిగా చెయ్యి విడిపించుకున్నాడు. "తప్పమ్మా. మా ఆవిడ చూస్తే బాధపడుతుంది" అన్నాడు.

ఆమె సరేనని తలూపి, ఆయనకు కాస్త ఎడంగా ట్రెయిలరు వైపు నడిచింది.