బోల్టు మీద ఎర్ర గీత

ఆ రోజు పొద్దున గద్వాలలో, టీ హోటల్ ముందర పదిమంది చూస్తుండగా, నాకంటే ఇరవై ఏండ్లు పెద్దయిన సైకిల్ మెకానిక్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన బిగించిన హ్యాండిల్ తిరిగిపోయి నేను కింద పడ్డానని తిట్టాను. ఆ బోల్టును వదులు చేసింది నేనే. ఆ సంగతి సాయంత్రం దాకా గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదు అనడం కూడా పూర్తి నిజం కాదు. గుర్తు తెచ్చుకోవాలని నేను అనుకోలేదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా దిక్కు వస్తున్న రోజులు. నేను గద్వాలలో ఒక బడిలో వ్యాయామం సారుగా ఉండేవాణ్ని. పుట్టింది నాగర్‌కర్నూలు. అక్కడి బావుల్లో, నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నాను. చదివింది వనపర్తి. అక్కడ పరుగు పందేల్లో రెండు మూడు స్టీలు గిన్నెలు గెలిచి ఇంటికి తెచ్చాను. ముప్పై ఐదు దాటాక, ఈత, సైకిల్, పరుగు మూడూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయాథ్లాన్ అనే పోటీ ఉంటుందని, బెంగళూరులో పెడుతున్నారని తెలిసింది. ఈత ఉంది, పరుగు ఉంది. సైకిలే లేదు. ఉన్నదల్లా బడికి తొక్కే నల్ల సైకిల్.

బెంగళూరులో ఉద్యోగం చేసే నా చిన్ననాటి స్నేహితుడు ఎవరో తొక్కి వదిలేసిన టైమ్ ట్రయల్ బైక్ ఒకటి ఇప్పించాడు. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చుంటాం, గాలి రొమ్ముకు కొడుతుంది. దీని మీద ముందుకు వాలి, రెండు మోచేతులూ మెత్తల మీద ఆనించి, ముందుకు పొడుచుకొచ్చిన రెండు కొమ్ముల్లాంటి పైపులను పట్టుకుని తొక్కాలి. అప్పుడు గాలి వీపు మీదుగా జారిపోతుంది. నాకు దొరికిన బైక్‌కు ఆ కొమ్ములే లేవు. అమ్మినాయన తన కొత్త బైక్ కోసం వాటిని విప్పి ఉంచుకున్నాడు. ఉన్నదాన్ని అట్లాగే బస్సు పైన కట్టించుకుని, ముందు మా అమ్మానాయినలకు చూపిద్దామని, వాళ్లుండే వనపర్తికి బయలుదేరాను. కొత్తకోటలో బస్సు దిగినప్పుడు ఒక లారీ డ్రైవర్ దాన్ని ఒక్క చేత్తో లేపి చూసి, "ఇది తొక్కనీకా, గోడకు తగిలియ్యనీకా?" అని అడిగాడు.

గద్వాల బస్టాండు దగ్గర, టీ హోటల్‌కు ఎదురుగా ఆయన దుకాణం. సైకిళ్ల పని, గ్యాస్ వెల్డింగ్ రెండూ చేసేవాడు. ఊరందరికీ ఆయన చాచా. దుకాణానికి బోర్డు కూడా లేదు. చాచా చేస్తే మళ్లీ చూడక్కర్లేదని జనం అనుకునే మాట మీదే ఆ దుకాణం నడిచేది. నా బైక్ చుట్టూ రెండుసార్లు తిరిగి, నేను చూపించిన ఫొటో చూశాడు.

"కొమ్ములే కద సార్, పెడ్త. పొడిస్తే మాత్రం నన్ను అడగొద్దు," అన్నాడు.

పాత కుర్చీ పైపు తెచ్చాడు. దాన్ని వేడి చేసి ఊరికే వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. అందుకని పైపు నిండా ఎండిన సన్న ఇసుక దట్టంగా కూరి, రెండు వైపులా మూతులు మూసి, మెల్లగా వేడి చేస్తూ వంచాడు. ఇసుక దులిపేసరికి వంపు గుండ్రంగా, ఎక్కడా సొట్ట లేకుండా వచ్చింది. స్కూటర్ల సామానులోంచి బిగింపులు ఏరి, ఆకురాయితో అరగదీసి కూర్చాడు. మోచేతుల మెత్తలకు ఆటో సీటు స్పాంజి, దాని మీద రెగ్జిన్. సీటును ముందుకు జరిపాడు. నీళ్ల సీసాకు మందపాటి తీగతో గూడు అల్లాడు. ఇదంతా ఒక్క రోజులో అయింది కాదు. నేను తొక్కి వచ్చి మెడ పట్టేసిందంటే కొంచెం పైకి లేపేవాడు, మోకాలు రొమ్ముకు తగులుతోందంటే వెనక్కి జరిపేవాడు. నా కొలతలు నాకంటే ఆయనకే ఎక్కువ తెలిశాయి.

ఏ బోల్టు బిగించినా ఆయనకు ఒక పద్ధతి ఉంది. పానాలు పెట్టే రేకు డబ్బాలో ఒక నెయిల్ పాలిష్ సీసా ఉండేది. బిగించడం అయ్యాక, బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్న ఎర్ర గీత గీసేవాడు. టీ తాగేవాళ్లకు అదొక తమాషా.

"ఏంది చాచా, సైకిల్‌ను పెండ్లికూతుర్ని చేస్తున్నవ్?"

"మా చిన్నబిడ్డను అడిగి తెచ్చిన. నీ మీసాలకు గిట్ల పెట్టాల్నా?" అనేవాడు తల ఎత్తకుండానే.

ఆ గీత ఎందుకో నాకు మొదటి రోజే చెప్పాడు. "గిది ఒక్క తీరుగ ఉంటే బోల్టు కదల్లే అన్నట్టు. జరంత అటిటు అయితే తిరిగినట్టే. గప్పుడు తొక్కొద్దు సార్. నా తాన్కి తే."

పోటీకి నెల రోజులుందనగా స్నేహితుడు పోస్టులో ఒక పత్రిక పంపాడు. అందులో ఎవరో విదేశీయుడు మోచేతులు రెండూ దగ్గరికి చేర్చి బాణంలా పోతున్నాడు. నా మోచేతుల మధ్య జానెడు ఎక్కువ ఎడం ఉందనిపించింది. చాచా దగ్గరికి పోతే, ఇప్పటికి ఇది చాలు సార్, అలవాటు కానియ్యండి అంటాడని తెలుసు. అందుకే పోలేదు. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి, ఇంటి వాకిట్లో నా పానాతో ఎడమ కొమ్ము బోల్టు విప్పి లోపలికి జరిపాను. వేళ్లతో తిప్పి, తర్వాత గట్టిగా బిగిద్దాంలే అనుకున్నాను. ఇంతలో ఎవరో పిలిచారు. అంతే.

మరునాడు తెల్లవారి జూరాల రోడ్డు మీద, వేగం అందుకుని కొమ్ముల మీద వాలగానే ఎడమది గిర్రున కిందికి తిరిగింది. బ్రేకులు కొమ్ములకు ఉండవు, బయటి హ్యాండిల్‌కు ఉంటాయి. చెయ్యి అక్కడికి చేరేలోపే కంకర మీద ఉన్నాను. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది.

బైక్ నడిపించుకుంటూ నేరుగా దుకాణానికి పోయాను. టీ హోటల్ నిండుగా ఉంది. మల్దకల్ రోడ్డులోని ఒక పల్లె నుంచి వచ్చిన రైతు, తన బిడ్డ బడికి తొక్కే సైకిల్‌ను అప్పుడే చాచాకు అప్పజెప్పి టీ తాగుతున్నాడు. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే చిమ్టా పగులిచ్చింది, దానికి వెల్డింగ్ పెట్టాలి.

నేను చాచా అనలేదు. ఏయ్ అన్నాను. "చేతకాకపోతే చేతకాదని చెప్పాలె. మనుషులను చంపుతవా? నిన్ను నమ్మి ఎవడన్న బండి ఇస్తడా?" ఇంకా అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆయన లేచి వచ్చి, వంకర తిరిగిన కొమ్మును చూశాడు. బోల్టు తల మీద బొటనవేలు పెట్టి ఒకసారి తుడిచాడు. తర్వాత నా ముఖం చూశాడు. తప్పు బయటపడి మాట రావడం లేదనుకున్నాను నేను.

"దెబ్బ గట్టిగనే తాకింది సార్. మొదలు దవాఖానకు పోయి రా," అన్నాడు.

రైతు టీ గ్లాసు పెట్టేసి వచ్చాడు. "చాచా, నాకు జర పనుంది. సైకిల్ మల్ల తెస్తలే," అని బిడ్డ సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. ఏ పనీ లేదని అందరికీ తెలుసు. చాచా స్టాండు తీసి సైకిల్ ఆయన చేతికిచ్చాడు. అదంతా నా కండ్ల ముందే జరిగింది. నాకు తృప్తిగా కూడా అనిపించింది.

కట్టు కట్టించుకుని, బడికి పోయి, సాయంత్రం ఇంటికొచ్చి బైక్‌కు అంటిన మట్టి తుడుస్తుంటే గీత కనిపించింది. బోల్టు తల మీది ముక్క ఒక దిక్కు, ఇనుము మీది ముక్క ఇంకో దిక్కు. కుడి కొమ్ము బోల్టు మీద గీత చెక్కుచెదరకుండా ఉంది. ముందటి రోజు వాకిట్లో పానాతో కూర్చున్నది అప్పుడు పూర్తిగా గుర్తుకొచ్చింది.

మొదట నేను చేసిన పని దాన్ని గోటితో గీకడం. సగం గీత పోయింది కూడా. ఎవరికి కనపడకూడదని గీకానో ఇప్పటికీ తెలియదు.

మా ఇంటామె గుమ్మంలోంచి చూసింది. "దెబ్బ చేతికి తాకితే బోల్టును గీకుతవేంది?"

చెప్పాను.

"మరి ఆ చాచాకు తెల్వదంటవా?" అని మాత్రం అడిగింది.

బొటనవేలితో బోల్టు తుడిచిన చెయ్యి గుర్తుకొచ్చింది. ఆయనకు అప్పుడే తెలుసు. గీకడం ఆపేశాను.

పొద్దు గూకకముందే దుకాణానికి పోయాను. హోటల్‌లో ఎవరూ లేని సమయం చూసుకుని పోయానని కూడా ఒప్పుకోవాలి. ఆయన ఒక రిమ్ము సరిచేస్తున్నాడు. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "చాచా, ఆ బోల్టు నేనే విప్పిన," అన్నాను.

"ఎరుకే సార్."

"మరి పొద్దుగాల చెప్పకపోతివి?"

"పదిమందిల బడి సారును అబద్ధమాడుతున్నవని ఎట్లంట? పిల్లలు గిట్ల ఉండిరి ఆడ." రిమ్ము తిప్పి ఒక కన్ను మూసి చూశాడు. "పోనీ తియ్. బతికినవ్ గద."

"ఆ రైతు?"

"ఆయన మీద కోపమేంది సార్. బిడ్డ ఎక్కే సైకిలాయె. నేనున్నా గట్లనే చేస్త." రిమ్ము పక్కన పెట్టి అన్నాడు. "ఇయ్యాల ఇంకిద్దరు కూడ రాలే. వస్తమన్నోళ్లే."

తేలికపడి ఇంటికి పోదామని వచ్చినవాణ్ని, ఆ మాటతో కూర్చున్న చోటే ఉండిపోయాను. తిట్టింది పదిమంది ముందర. ఒప్పుకుంటున్నది చెవిలో. దాంతో నా మనసు కుదుటపడుతుందేమో కాని, ఆయన దుకాణానికి ఒరిగేది ఏమీ లేదు.

మరునాడు పొద్దున, హోటల్ నిండే వేళకు బైక్ తీసుకుని పోయాను. చాచా దుకాణం ముందు నిలబెట్టి, టీ తాగుతున్నవాళ్ల దిక్కు తిరిగి, నిన్న నేనన్నది తప్పు, బోల్టు విప్పింది నేను, చాచా పనిలో లోపం లేదు అని చెప్పాను.

"ఏమంటున్నడు సారు?" అన్నాడు వెనక బల్ల మీది ముసలాయన.

"నిన్న బస్టాండు దాక వినొచ్చె, ఇయ్యాల ఈ బల్ల దాక వస్తలేదు. జర గట్టిగ చెప్పు సార్," అన్నాడు టీ పోసేవాడు.

మళ్లీ చెప్పాను, గట్టిగా. దగ్గరికి పిలిచి, విరిగిన గీతను, అందులో గోటితో గీకేసిన సగాన్ని చూపించాను. గీకింది నేనేనని కూడా చెప్పాను. ఒకాయన వంగి చూసి, "నెయిల్ పాలిష్ పట్టిచ్చిందిరా సారును," అన్నాడు. అందరూ నవ్వారు. చాచా నవ్వలేదు. పానా తీసి ఎడమ కొమ్మును పాత చోటికి జరిపి బిగించి, కొత్త గీత గీశాడు. నేను ఆ రైతు ఊరు అడిగాను. చెప్పాడు.

ఆదివారం మల్దకల్ రోడ్డు పట్టుకుని పోయాను. కొమ్ముల మీద వాలలేదు, చెయ్యి ఇంకా మానలేదు. రైతు ఇంటి ముందర వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపుతున్నాడు, పక్కన బిడ్డ. సైకిల్ గోడకు ఆనించి ఉంది, చిమ్టా అట్లాగే పగిలి ఉంది. గద్వాలలో ఇంకెవరి దగ్గరికీ తీసుకుపోలేదు. నాలుగు రోజుల నుంచి అమ్మాయి బడికి నడిచి పోతున్నది.

చెప్పాల్సింది చెప్పాను. రైతు కాయలు తెంపడం ఆపలేదు.

"గీ ముచ్చట చెప్పనీకి గింత దూరం వచ్చినవా సార్?"

"అవును."

"నీకు దెబ్బ తాకింది గద, కోపంల అంటరు. చాచా ఏమన్నడు?"

"నువ్వు చేసింది సరే అన్నడు."

అప్పుడు తలెత్తాడు. "గంతేనా? నేనైతే నిన్ను తిట్టేటోన్ని."

"నేను చెప్పిన గద నాయినా, చాచా గట్ల చెయ్యడని," అన్నది అమ్మాయి.

సైకిల్ నాకిస్తే గద్వాలకు నేను తీసుకుపోతానన్నాను. రైతు నా బైక్‌ను, దాని కొమ్ములను, కట్టు కట్టిన నా చేతిని చూశాడు. "ఇది ఎక్కి, దాన్ని పట్కొనా? మల్ల పడ్తవ్." అయినా ఇచ్చాడు. కుడిచేత్తో నా హ్యాండిల్, ఎడమచేత్తో అమ్మాయి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, దారంతా మెల్లగా తొక్కాను. ఎడ్ల బండి ఒకటి నన్ను దాటిపోయింది. వేగం కోసం నెలల తరబడి మార్పులు చేయించుకున్న బైక్ అది.

చాచా ఆ రోజే వెల్డింగ్ పెట్టి, కొత్త నట్లు వేసి, నాలుగు చోట్ల గీతలు గీశాడు. ఆ సాయంత్రమే అట్లాగే పట్టుకుని మళ్లీ ఆ పల్లెకు పోయి అప్పజెప్పాను. తర్వాత పోటీకి పోయాను, పూర్తి చేశాను, నా వెనక వచ్చినవాళ్లు కొద్దిమందే.

ఆ సాయంత్రం సైకిల్ అందుకున్నప్పుడు అమ్మాయి చక్రం దగ్గర కూర్చుని, ఈ ఎర్రవి ఏంది సార్ అని అడిగింది. గీత ఒక్క తీరుగా ఉందా లేదా రోజూ చూసుకో, కొంచెం కదిలినా తొక్కకు, చాచా దగ్గరికి పట్టుకుపో అని చెప్పాను.

"కదిలితే ఏమైతది?"

కట్టు విప్పి మోచెయ్యి చూపించాను.