ఎర వేసి తెచ్చుకున్న చుట్టరికం

యుద్ధంలో బల్త్రుస్‌కి అప్పగించిన పని గుర్రాల కళ్లేలు పట్టుకుని వెనకాల నిలబడడం. దుబ్లీనై ఊళ్లో ఆ సంగతి అతని భార్య అగోటాకి తప్ప మరొకరికి తెలియదు. ఊరివాళ్లకు తెలిసినదల్లా, లిథువేనియాకి స్వతంత్రం వచ్చిందంటే అందులో సగం జనరల్ దార్గిస్ చలవ, మిగతా సగం బల్త్రుస్ సలహా అని.

యుద్ధం అయిపోయినప్పటి నుంచీ కమ్మరి కిప్రాస్ కొలిమి దగ్గర కూర్చుని బల్త్రుస్ ఈ కథ చెబుతూ వచ్చాడు. కథ మాత్రం నిజమైనదే. దార్గిస్ రష్యా జారు చక్రవర్తి సైన్యంలో కెప్టెన్. జర్మన్లతో యుద్ధం ముగియగానే ఆ హోదా వదిలేసి, మంచులో పడి సొంత గడ్డకి నడిచొచ్చాడు. పనెవెజిస్ సంతలో పీపా ఎక్కి నిలబడి పల్లె కుర్రాళ్లను పోగుచేశాడు. ఆ చెక్కచెప్పుల పటాలాన్ని వెంటేసుకుని, ఇద్దరికో తుపాకీతో ఎర్రసైన్యాన్ని వెనక్కి నెట్టాడు. ఆ తర్వాత జర్మన్ల అండతో వచ్చిన బెర్మాంట్ దండుని రైలుపట్టాల వెంబడి తరిమాడు. పోలండ్ వాళ్లతో పోరాడుతుండగా జనరల్ అయ్యాడు. బల్త్రుస్ చేసిందల్లా ఈ కథలో ప్రతి మలుపులోనూ తనకో చిన్న చోటు ఇచ్చుకోవడం.

"అడివి దగ్గర ఎటు పోవాలో తెలీక ఆగిపోయాడు జనరల్. నేనన్నాను కదా, దొరా, ఎడంపక్క నుంచి చుట్టేద్దాం అని. నా భుజం తట్టాడు. అంతే, సాయంత్రానికి శత్రువు పరారు!"

ఇలా సాగిపోయేది. కానీ అప్పటి రాజధాని కౌనస్‌లో ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చినవాళ్లకు జనరల్ గిట్టలేదు. పింఛనిచ్చి ఇంటికి పొమ్మన్నారు. యుద్ధం చేసినందుకు ఆయనకిచ్చిన పొలం సరిగ్గా ఏటికి అవతలి ఒడ్డున, బల్త్రుస్ దొడ్డికి ఎదురుగా ఉంది. ఒకనాడు రెండు బళ్ల సామానుతో, పెళ్లాంపిల్లలు లేని ఆ పెద్దమనిషి వచ్చి దిగాడు. తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు.

ఊరంతా కాచుక్కూర్చుంది, జనరల్ వచ్చి బల్త్రుస్‌ని ఎప్పుడు కావలించుకుంటాడా అని. ఆదివారం చర్చి దారిలో బల్త్రుస్ టోపీ తీసి, నిటారుగా నిలబడ్డాడు. జనరల్ తన గుర్రం చెవుల వైపు చూసుకుంటూ బండి తోలుకుపోయాడు. ఆ పై ఆదివారమూ అంతే.

"ఏం బల్త్రుస్ బాబాయ్, భుజం తట్టే చెయ్యి నెప్పెడుతోందేమో ఆయనకి!" అన్నాడు కిప్రాస్, నలుగురూ వినేలా.

"ఎండ కళ్లల్లో పడుంటుందిలే," అన్నాడు బల్త్రుస్. ఆ రోజు ముసురు పట్టి ఉంది.

నాలుగేళ్లు గడిచాయి. బల్త్రుస్ కొలిమి వైపు పోవడం మానేశాడు. మనిషికి పరువు పోతే నడక కూడా మారుతుంది కాబోలు, సొంత దొడ్లోనే గోడ పక్కన ఒదిగి తిరిగేవాడు. జనరల్ ఒక్కసారి తన గడప తొక్కితే చాలు అనిపించేది. ఆయన్ను రప్పించే దారి ఒక్కటే తోచింది, అది కూడా తలుచుకోవడానికే భయం వేసేటంతటిది.

ఆ ప్రాంతంలో తేనెటీగల్ని ఎవరూ అమ్మరు, కొనరు. తేనెటీగ చచ్చిందనరు, మనిషికి అన్నట్టే కాలం చేసిందంటారు. ఒకరి ఈగల గుంపు లేచి వెళ్లి ఇంకొకరి దొడ్లో వాలిందా, ఆ రెండిళ్లూ చుట్టాలైపోతాయి. ఒకరినొకరు 'బిచ్యులీ' అని పిలుచుకుంటారు, తేనెటీగలు కలిపిన బంధువన్నమాట. ఈగలు మంచి ఇల్లు చూసుకుని వాటంతటవే రావాలి. ఎర వేసి రప్పించడమంటే చర్చిలో దొంగతనం చేసినంత పాపం.

జూన్ నెలలో ఒక పొద్దున బల్త్రుస్ ఖాళీ పెట్టె లోపల నిమ్మవాసన వచ్చే ఆకు రుద్ది, తేనెసారా చిలకరించి, ఏటి ఒడ్డున పెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?" అంది అగోటా.

"కడుగుతున్నా."

"ఏమిటి, సారాతోనా? సిగ్గు లేదూ!"

ఉంది. కానీ చేతులు ఆగలేదు. మూడో రోజు మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి నల్లటి మబ్బులాంటిది లేచి, ఏరు దాటి, పెట్టెలోకి జొరబడింది.

ఆ ఆదివారమే జనరల్ వచ్చాడు, చంకలో రొట్టె పెట్టుకుని. వెనకే ఊరు ఊరంతా. అగోటా తెల్లజున్ను, పొగపెట్టిన మాంసం బల్ల మీద పెట్టింది. జనరల్ బల్త్రుస్‌ని గట్టిగా కావలించుకుని, "బిచ్యులీ!" అన్నాడు. నాలుగేళ్లుగా ఎదురుచూసిన మాట అది. బల్త్రుస్‌కి మాత్రం తన చేతుల నుంచి ఇంకా ఆకువాసన వస్తోందేమోనన్న బెంగ తప్ప మరేమీ తోచలేదు.

కిప్రాస్ ఊరుకుంటాడా? "జనరల్ గారూ, అడివి దగ్గర ఎడంపక్క నుంచి చుట్టమని చెప్పింది మా బల్త్రుస్ బాబాయే కదండీ?"

అందరూ జనరల్ మొహం వైపు చూశారు. ఆయన బల్త్రుస్ మొహం వైపు చూశాడు. ఆ రోజు గుర్రాలు ఎక్కడున్నాయో, వాటిని పట్టుకున్న మనిషి ఎంత దూరాన ఉన్నాడో ఆయనకు తెలియనిదా?

"అవును, చెప్పాడు," అన్నాడు జనరల్ నెమ్మదిగా.

కిప్రాస్ నోరు తెరుచుకుపోయింది. బల్త్రుస్‌కి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అబద్ధం తనదైనంత కాలం మోయగలిగాడు. ఇప్పుడది జనరల్ నోట పడింది.

జనరల్ గ్లాసు పైకెత్తాడు. "నన్ను ఇంటికి పంపించేశాక నా గేటు తట్టిన మనిషి లేడు. కౌనస్‌లో నా పేరెత్తడానికే భయపడతారట. పోనీండి. మనుషులు మరిచిపోయినా ఈ ఈగలు వాటంతటవే నాకో చుట్టాన్ని వెతికిపెట్టాయి. ఈ మంచి ఇంటి పేరున..."

"తాగకండి దొరా," అన్నాడు బల్త్రుస్.

అగోటా కళ్లు మూసుకుంది.

"అవి వాటంతటవి రాలేదు. నేనే ఆకు రుద్ది, ఎర వేసి రప్పించాను. అడివి దగ్గర నేనేమీ చెప్పలేదు. గుర్రాలు పట్టుకుని, చాలా వెనకాల నిలబడ్డాను. అంతే."

జనరల్ గ్లాసు కింద పెట్టాడు. టోపీ తీసుకుని, అగోటాకి తల వంచి నమస్కారం చేసి వెళ్లిపోయాడు. ఊరివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. వెటకారానికి మాట దొరక్క కిప్రాస్ కూడా తలదించుకునే పోయాడు. బల్త్రుస్‌కి అదే ఎక్కువ బాధనిపించింది.

వచ్చిన ఈగల్ని తిప్పి పంపే ఆచారం లేదు. ఎలా వచ్చినా చుట్టరికం చుట్టరికమే. ఆగస్టులో తొలి తేనె తీశాక, ఆ చుట్టానికి పంచాల్సిందే.

"నువ్వు పట్టుకెళ్లు," అన్నాడు బల్త్రుస్.

"ఆకు నేను రుద్దానా?" అంది అగోటా, గిన్నె చేతిలో పెడుతూ.

అవతలి ఒడ్డుకి వెళ్లేసరికి జనరల్ వంగి దోసకాయలు కోస్తున్నాడు. చొక్కా చేతులు మడిచి, మోకాళ్ల నిండా మట్టితో ఉన్నాడు. తలెత్తి చూసి, చేతులు దులుపుకుని, బల్ల చూపించాడు. రెండు దోసకాయల్ని నిలువుగా చీల్చి, పళ్లెంలో వేసి గిన్నె పక్కన పెట్టాడు. కొత్త తేనెలో దోసకాయ ముంచుకు తినడం అక్కడి ఆగస్టు రుచి.

ఇద్దరూ చెరో ముక్కా ముంచుకున్నారు.

"నన్ను క్షమించండి దొరా."

"ఆ మాట నేననాలి." జనరల్ గిన్నెలోకి చూస్తూ అన్నాడు. "చర్చి దారిలో మొదటి ఆదివారమే గుర్తుపట్టాను నిన్ను. నా గుర్రాలు పట్టుకున్నవాణ్ణి గుర్తుపట్టనా?"

బల్త్రుస్ చేతిలోని ముక్క నుంచి తేనె కారి మణికట్టు మీదికి పాకింది.

"మరి ఎందుకు..."

"ఈ ఊళ్లో నన్ను గుర్రం మీద చూసినవాడివి నువ్వొక్కడివే. బంగాళాదుంపల సంచితో నీ ఎదుటపడాలంటే సిగ్గేసింది. ఒక్కసారి మొహం తిప్పుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం తిప్పుకోవాల్సి వచ్చింది."

అంతమందిని ముందుండి నడిపించిన మనిషి అలా దోసకాయల మధ్య కూర్చుని తలదించుకున్నాడు. బల్త్రుస్‌కి ఆ నాలుగేళ్లూ తను పడిన అవమానమంతా ఒక్కసారిగా ఎంత చిన్నదనిపించిందంటే, దాన్ని తలుచుకోవడానికే సిగ్గేసింది.

పళ్లెంలో ఇంకా రెండు ముక్కలున్నాయి. పెద్దది జనరల్ వైపు జరిపాడు. జనరల్ చిన్నది తీసుకున్నాడు.